ఎలుగుబంటి కోసం గోవింద నామం

కిందటి వేసవిలో కెనడాలోని కాల్గరీ నుంచి అక్క, బావలతో కలిసి బ్రిటిష్ కొలంబియా తీరానికి వెళ్లాను. కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన చోట పడవ దిగి, ముసురులోనే అడవిదారి పట్టాం. అలికిడి చేస్తే ఎలుగుబంట్లు తప్పుకుంటాయని అక్కడ బోర్డు ఉంది. నేను చప్పట్లు కొడుతూ, తిరుమల మెట్లెక్కుతున్నట్టు “గోవిందా, గోవింద!” అని అరుస్తూ నడిచాను.

మలుపులో ఓ పొద గుర్రుమంది. బురదలో కూలబడ్డాను. పొద వెనక నుంచి వీడియో తీస్తూ బావ లేచాడు!

“సిగ్నల్ రానీ మరదలా, ఫ్యామిలీ గ్రూప్‌లో పోస్ట్ చేస్తా!”

అక్క కూడా నవ్వింది. నేను పళ్లు నూరుకున్నాను.

తిరుగు ప్రయాణంలో, పడవను జలపాతం కిందికి పోనిస్తున్నానని, ముందువైపు నిలబడితే తడిసిపోతారని కెప్టెన్ చెప్పాడు. అక్కతో కబుర్లలో పడి బావ వినలేదు.

“బావా, ముందుకెళ్లి తీయండి, వీడియో అదిరిపోతుంది” అన్నాను తియ్యగా.

వెళ్లాడు. మంచులాంటి ధార నెత్తిన పడింది. చేతిలో ఫోన్ జారి సముద్రంలో మునిగింది.

“అయ్యో, నా ఫోన్!”

నేను గట్టిగా చప్పట్లు కొట్టాను.

“గోవిందా, గోవింద!”

పగ మంచిది కాదంటారు. కానీ వాన పడితే చాలు, బావ కేక గుర్తొచ్చి ఇప్పటికీ నా మనసు చల్లబడుతుంది.