ఆర్మూరులో దొరకని గోంగూర

దుగ్గిరాల వాళ్ళు పసుపు కోసం ఆర్మూరు వెళ్ళారంటే వినేవాళ్ళు నవ్వుతారు. పసుపు మా ఊళ్ళోనే రాశులు పోసి ఉంటుంది. అయినా ఈ అరవై అయిదులో, ఫాల్గుణ మాసంలో, నేనూ మా సుబ్బయ్య మామయ్యా వెళ్ళాం. మామయ్య మా అమ్మకు తమ్ముడు, పసుపు వ్యాపారి. నిజామాబాదు వైపు ఆర్మూరులో పండే పసుపు ఎలా ఉంటుందో చూసి రావాలని ఆయనకు ఎప్పట్నుంచో ఉంది. అసలు సంగతి అది కాదు. అత్తయ్య పోయిన దగ్గర్నుంచి, నాలుగు నెలలుగా, మామయ్య సరిగ్గా అన్నం తినడం లేదు. ఏం పెట్టినా రెండు ముద్దలు కెలికి లేచిపోతాడు. "నోరు చచ్చిపోయింది అక్కయ్యా" అంటాడు. మనిషి సగమయ్యాడు.

"పసుపు కొంటారో మానతారో నాకనవసరం. మంచి హోటళ్ళు వెతికి, వాడిచేత కడుపునిండా ఒక్కపూట తినిపించి తీసుకురా" అని అమ్మ నన్ను వెంట పంపింది.

సాయంత్రం దుగ్గిరాలలో బండెక్కి, బెజవాడలో మారి, పొద్దున ఏడింటికి సికింద్రాబాదులో దిగాం. అక్కణ్ణుంచి నిజామాబాదుకు మీటర్‌గేజి బండి. తాపీగా పోతుంది, వెళ్ళేవాళ్ళు చేతిలో ఏదైనా చదువుకోవడానికి పెట్టుకోండి. కామారెడ్డి దాటాక, కిటికీలోంచి చూస్తూ కూర్చున్న మామయ్య ఉన్నట్టుండి అన్నాడు:

"ఒరేయ్ అబ్బాయ్, ఆ ఊళ్ళో గోంగూర దొరుకుతుందంటావా?"

నా ప్రాణం లేచొచ్చింది. నాలుగు నెలల్లో ఆయన నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. పైగా అడిగింది గోంగూర. గోంగూర పచ్చడి చేయడంలో మా అత్తయ్యకు పెట్టింది పేరు. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆ మాట ఎత్తడానికే అందరికీ భయం. వెంటనే ఎదురుగా కూర్చున్న రైతును అడిగాను.

"గోంగూరనా? గా ఊరు యాడుందో నాకెరుక లేదు సారు. నేను ఇందల్వాయిల దిగుత" అన్నాడాయన.

రెండు గంటలకు నిజామాబాదు చేరి, బస్సు పట్టుకుని, నాలుగింటికి ఆర్మూరులో దిగాం. ఊరిని ఆనుకుని నల్లటి బండరాళ్ళ గుట్ట. గాలంతా ఉడికిన పసుపు వాసన. మా ఊళ్ళో ఉన్నట్టే ఉందని మామయ్య గట్టిగా గాలి పీల్చాడు. బజారులో ఒక కొట్టు మీది గది మాట్లాడుకుని, ముఖం కడుక్కుని, హోటళ్ళ వేటకు బయలుదేరదీశాను.

బస్టాండు పక్కన ఇరానీ హోటలుంది. చాయ్ అద్భుతం, చిక్కగా, నాలుక కాలేంత వేడిగా ఇస్తారు. అన్నం మాత్రం అక్కడ అడక్కండి. మామయ్య సగం కప్పు తాగి పక్కన పెట్టాడు. తర్వాత మార్వాడీల భోజనశాల. పెనం మీదనుంచి నేరుగా పళ్ళెంలోకి నెయ్యి రాసిన పుల్కాలు. నేను ఎనిమిది తిన్నాను. మామయ్య ఒకటి తిన్నాడు. గోంగూర ఉందా అని వడ్డించే ఆయన్ని అడిగితే, "గసొంటిది మా తాన లేదు సారు. ఆలుగడ్డ ఇంకింత ఏయాల్నా?" అన్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి మార్కెట్టుకు వెళ్ళాం. మామయ్య ఒక కొమ్ము తీసి ఠక్కున విరిచి, లోపలి రంగు చూసి, కొన పంటికింద నొక్కాడు. "ఘాటుందిరా" అన్నాడు. పసుపుకొమ్ము రుచి తెలిసే మనిషికి అన్నం రుచి తెలియకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. రాశి పక్కన కూర్చున్న జక్రాన్‌పల్లి రైతును మంచి భోజనం ఎక్కడని అడిగాను.

"కడుపునిండ తినాల్నంటే రాజవ్వ తానకు పోన్రి. మార్కెట్ ఎన్కనే పెంకుటిల్లు" అన్నాడు.

రాజవ్వకు యాభై ఏళ్ళుంటాయి. వసారాలో ఆరుగురికి చోటు. లోపల ఆమె జొన్నరొట్టెలు కొట్టే చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. పచ్చిపులుసు, ముద్దపప్పు, అన్నం. విస్తరి ముందు కూర్చోగానే నా పాట నేను ఎత్తుకున్నాను.

"గోంగూరంటే ఏంది సారు?" అంది రాజవ్వ.

"ఆకుకూరమ్మా."

"ఎసొంటి ఆకు?"

"గోంగూర ఆకే."

అంతకంటే చెప్పలేకపోయాను. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి గోంగూర అంటే ఏమిటో ఒకరికి వివరించి చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాదు మరి.

"మా తాన పాలకూర ఉంటది, సుక్కకూర ఉంటది, పుంటికూర ఉంటది. మీరు జెప్పేది లేదు. పుంటికూర తొక్కున్నది, ఏయాల్నా?"

మామయ్య నా వైపు వంగి, "తొక్కేమిట్రా?" అన్నాడు.

"కాయల తొక్కలతో చేస్తారేమో మామయ్యా. పుంటికూరంటే డొంకల్లో మొలిచే ఆకై ఉంటుంది."

మామయ్య విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ రాత్రి భోజనానికీ అక్కడికే వెళ్ళాం. మళ్ళీ తొక్కు, మళ్ళీ వద్దన్నాం. మామయ్య మళ్ళీ రెండు ముద్దలతో లేచాడు. అమ్మకు ఏం చెప్పాలో తోచలేదు.

మూడో రోజు మూడింటికి మా బస్సు. పన్నెండుకు రాజవ్వ ఇంట్లో ఆఖరి భోజనం. ఈసారి ఆమె అడగలేదు, గిన్నెతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"నేనేమన్న తప్పు జేసిన్నా సారు? రెండు పూటలు నా తొక్కు వద్దంటిరి. పెద్దసారు పిట్ట లెక్క తింటుండు, సూస్తుంటే నా పానం ఒప్పుతలేదు. జర నాలుకకు పెట్టి సూడున్రి. మంచిగ లేకుంటే నన్ను తిట్టున్రి."

అంటూనే విస్తట్లో వేసేసింది. ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక మామయ్య వేలికొనతో అందుకుని నాలుకకు రాసుకున్నాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కారం నషాళానికి అంటిందనుకుని నేను నీళ్ళ చెంబు జరిపాను. ఆయన చెంబు చూడనేలేదు. అన్నంలో తొక్కు కలిపాడు. ఒక ముద్ద, రెండు, మూడు, నాలుగు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది గోంగూరరా."

"గోంగూర గాదు సారు, పుంటికూర" అంది రాజవ్వ. మేం నమ్మలేదనుకుందేమో, లోపలికెళ్ళి ఒక కట్ట తెచ్చి చూపించింది. ఎర్రటి కాడలు, అయిదు వేళ్ళలా చీలిన ఆకులు. మా దొడ్లో మొలిచేదే. తొక్కంటే వాళ్ళ మాటలో పచ్చడన్నమాట.

నా ముఖం చూసి రాజవ్వ పడీపడీ నవ్వింది. "గిదేనా? గీ పుంటికూర కోసమేనా మీరు ఊరంత తిరిగింది!"

మామయ్య నవ్వలేదు. "మా ఇంటావిడ ఇందులోకి పచ్చి ఉల్లిపాయ కొరుక్కునేదమ్మా. పోయి నాలుగు నెలలైంది" అన్నాడు.

అత్తయ్య పోయాక ఆవిడ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. రాజవ్వ నవ్వు ఆగిపోయింది. లోపలికి వెళ్ళి ఉల్లిగడ్డను పిడికిలితో చితక్కొట్టి తెచ్చి విస్తట్లో పెట్టింది.

"తినున్రి సారు. మీరు కడుపు మాడ్సుకుంటే ఆమెకు మంచిగనిపిస్తదా?"

మామయ్య తిన్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మూడింటి బస్సు వెళ్ళిపోయింది, అయిదింటిది ఎక్కాం. రాజవ్వ జొన్నరొట్టెలూ తొక్కూ మోదుగాకుల్లో కట్టి ఇచ్చింది.

మీరెవరైనా ఆర్మూరు వెళితే చాయ్‌కి ఇరానీ హోటలుకూ, పుల్కాలకు మార్వాడీల దగ్గరికీ, అన్నానికి రాజవ్వ ఇంటికీ వెళ్ళండి. ఆమె ఏది వేస్తానంటే దానికి సరేననండి.

మర్నాడు సికింద్రాబాదులో బెజవాడ బండెక్కాం. మధ్యాహ్నం ఖమ్మం దాటాక మామయ్యే, నేను చెప్పకుండానే, మూట విప్పాడు. పక్కన కూర్చున్న తెనాలి పెద్దమనిషి వాసన పట్టి, "గోంగూర పచ్చడాండీ?" అన్నాడు.

"కాదండీ" అన్నాడు మామయ్య. "పుంటికూర తొక్కు. ఆర్మూరులో చేస్తారు." రొట్టెముక్క మీద కాస్త పెట్టి ఆయనకిచ్చాడు.

ఆయన నమిలి, "అచ్చం గోంగూరలాగే ఉందే!" అన్నాడు.

"మా ఆవిడ ఉంటే దీనికి నాలుగు వంకలు పెట్టి, రెండోసారి వేయించుకునేది" అని మామయ్య నా వైపు చెయ్యి చాపాడు. "ఒరేయ్, ఇంకో రొట్టె ఇటివ్వు."