హీటరు పగిలిన కారు, నాయనమ్మ ప్రార్థన

నా చిన్నప్పుడు నాదర్‌గుల్‌లో మా ఇంటి ముందు ఒక పాత కారు ఉండేది. అది మా చిన్నాయనది. పెళ్లిళ్లకూ దవాఖానలకూ కిరాయికి తిప్పేవాడు. ఉత్తరాదిన ఎక్కడో కొండ ప్రాంతాల్లో తిరిగి, చేతులు మారి మారి మా ఊరు చేరిన బండి. అందుకే అందులో హీటరు ఉండేది. ఎండాకాలం సీటు మీద కూర్చుంటే తొడలు కాలిపోయే ఊళ్లో కారుకు హీటరు దేనికని ఎవరూ అడగలేదు. చిన్నాయన మాత్రం పెళ్లివాళ్లు బేరానికి వస్తే ముందు దాన్నే చూపించేవాడు. "జర చూడుండ్రి, హీటర్ బండి ఇది," అనేవాడు. దాన్ని ఒక్కసారైనా వేసిన పాపాన పోలేదు.

హీటరంటే డ్యాష్‌బోర్డు కింద దాక్కున్న ఒక చిన్న రేడియేటరు. ఇంజన్‌లో కాగిన నీళ్లు ఒక రబ్బరు గొట్టంలో అందులోకి వచ్చి, ఇంకో గొట్టంలో వెనక్కి పోతుంటాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా ముందు సీటు కింద ఎప్పుడూ తడిగా ఉంటుందని. చిన్నాయన అక్కడ గోనెసంచి పరిచి, వాన నీళ్లు దిగుతున్నాయనేవాడు. మండుటెండలో కూడా అదే మాట చెప్పేవాడు.

మాది ప్రార్థన తప్పని ఇల్లు. పొద్దుగూకాక నాయనమ్మ మోకాళ్లు వేసిందంటే ఇక మా పని అంతే. వాడలో మొదటి ఇంటి నుంచి ఒక్కొక్క ఇంటినీ, ఇంట్లో ఒక్కొక్క మనిషినీ, వాళ్ల బర్రెలనూ మేకలనూ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేది. మేము మధ్యలో ఒక కునుకు తీసి లేచినా ఇంకా నాలుగైదు ఇళ్లు మిగిలే ఉండేవి. చిన్నాయన అయితే రెండో ఇంటికే "బండి కింద ఏందో కారుతుంది" అని జారుకునేవాడు. నిజంగానే కారుతోందని ఆయనకూ తెలియదనుకుంటాను.

ఇక నా సంగతి. నేను పుట్టు పిరికిదాన్ని. ఉరుమంటే భయం, కుక్కంటే భయం, మూతబడిన తలుపంటే భయం. మనవలు పుట్టాక తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు.

ఒక రోజు, వానాకాలం మధ్యాహ్నం. అప్పుడే నడక నేర్చిన మా తమ్ముడికి దగ్గు ముదిరి, అన్నాల వేళకు డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు. ఊపిరి తీస్తుంటే మెడ దగ్గర గుంట పడుతోంది. పెదాలు నల్లబడ్డాయి. నాన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ, తెల్లవారకముందే పనికి పోయాడు. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు పోదామని చిన్నాయన బండి తీశాడు. అమ్మ వాణ్ని ఒళ్లో వేసుకుని వెనక కూర్చుంది. నాయనమ్మ ముందు సీట్లో, ఆమె కాళ్ల మధ్య నేను. నన్ను ఇంట్లో ఉంచేవాళ్లే కానీ ఒక్కదాన్నే ఉండనని గుమ్మం పట్టుకుని ఏడ్చాను.

ఊరు దాటి ఎల్బీ నగర్ దారి పట్టామో లేదో, నా పాదం మీద ఏదో వేడిగా పడింది. కాలు వెనక్కి లాక్కున్నాను. డ్యాష్‌బోర్డు కింద నుంచి బుస్సుమని చప్పుడు వచ్చి, తెల్లటి ఆవిరి ఒక్కసారిగా మొహాల మీదికి కొట్టింది. ముందు అద్దం లోపలి నుంచి తెల్లబడిపోయింది. రోడ్డు కనిపించలేదు. వెనక అమ్మ అరుస్తున్నది వినిపించింది కానీ అమ్మ కనిపించలేదు. బండి కాలిపోతోందని, మేమంతా అందులోనే చచ్చిపోతామని అనుకున్నాను. నాయనమ్మ నా రెండు కాళ్లూ తన కొంగులో చుట్టి పైకెత్తింది.

"దిగుండ్రి! అందరు దిగుండ్రి!" అని చిన్నాయన రోడ్డు పక్కకు బండి ఆపి తలుపులన్నీ తెరిచాడు.

పగిలింది హీటరు. కాగిన నీళ్లన్నీ కారులోకి పోయాయి, ఇంజన్ నిప్పులా ఉంది. సన్నగా జల్లు పడుతోంది. అటు చేలు, ఇటు చేలు. ఆ దారిన బస్సు సాయంత్రం గానీ రాదు. రోజూ మా తలల మీద తిరిగే శిక్షణ విమానాలు కూడా వానకు ఆ రోజు లేవు. ఆవిరి పోయాక అమ్మ మళ్లీ వెనక సీట్లో కూర్చుని తమ్ముణ్ని భుజానికెత్తుకుంది. వాడు ఏడవడం మానేశాడు. ఏడవడానికి కూడా ఊపిరి చాలడం లేదు. వాడు ఏడిస్తే బాగుండునని నేను మొదటిసారి కోరుకున్నాను.

"డిక్కీల నీళ్ల డబ్బ ఉన్నది గద తమ్మీ! జల్ది ఇంజన్ల పొయ్యి. పోరడు ఎట్లనో జేస్తుండు," అంది అమ్మ.

"ఇప్పుడు రేడియేటర్ మూత తీస్తే మసిలే నీళ్లు మొఖానికి కొడ్తయి వదినా. గొట్టాలు గూడ ముట్టరాదు. సల్లటి నీళ్లు పోస్తే ఇంజనే పలుగుతది. జర సల్లారాలె."

"ఎంతసేపు?"

చిన్నాయన దగ్గర గడియారం లేదు. ఆయన ఒకసారి బండి వైపు, ఒకసారి తమ్ముడి వైపు చూసి, నాయనమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ప్రార్థన పెట్టు. మొత్తం చెయ్యాలె. ఒక్కల్ని గూడ ఇడ్వకు."

ప్రార్థన మాటెత్తితే పారిపోయే మనిషి, పట్టపగలు నడిరోడ్డు మీద ప్రార్థన చెయ్యమంటున్నాడు. అంతకుముందు మా ఇంట్లో పగటి పూట ప్రార్థన జరిగింది తాతయ్య పోయిన రోజునే. తమ్ముడు పోతున్నాడని, పెద్దవాళ్లకు తెలిసిపోయిందని, నాకు చెప్పడం లేదని నిశ్చయించుకున్నాను. పోయి కారు తలుపును రెండు చేతులా పట్టుకున్నాను.

అది చూసి చిన్నాయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "తమ్మునికి ఏం గాలేదు బిడ్డా. ఇంజన్ సల్లారుడు గావాలె, గంతే. అమ్మ ప్రార్థన మొత్తం అయ్యేసరికి సల్లారుతది. అమ్మ ఆమెన్ అనేదాంక నేను మూత ముట్ట. కని గీ పరేషాన్ల ఆమె పేర్లు మర్శిపోతది. ఎవల పేరు రాకున్నా నువ్వు చెప్పాలె." ఇంత పెద్ద పని నాకెవరూ అంతవరకు అప్పజెప్పలేదు.

నాయనమ్మ బురదలోనే మోకాళ్లు వేసింది. నేను పక్కన నిలబడి వేళ్లు మడుస్తూ విన్నాను. మొదటి ఇల్లు వచ్చింది. బావి పక్క ఇల్లు వచ్చింది. చిన్నాయన బానెట్ తెరిచి, చేతికి గుడ్డ చుట్టుకుని నిలబడ్డాడు. వెనక సీట్లో తమ్ముడి ఊపిరి చప్పుడు వినబడేకొద్దీ నాయనమ్మ గొంతు తొందరపడింది. ఇళ్లకు ఇళ్లు దాటేసి, మేకలను మొత్తంగా ఒక్క మాటలో చుట్టేసి, మనవడి పేరు చెప్పి వెక్కుతూ ఆమెన్ అనేసింది.

చిన్నాయన చెయ్యి మూత మీద పడింది.

"ఆగు చిన్నాయనా!" అని అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. "ఇంక కాలే! కుంటి బర్రె ఇల్లు రాలే. చర్చి పక్కోళ్లు రాలే. నీ పేరు రాలే!"

"తియ్యనియ్యవే, నా కొడుకు పోతుండు!" అని అమ్మ నా మీద కేకేసింది. చిన్నాయన అమ్మ కళ్లలోకి చూడలేక తల తిప్పుకున్నాడు. ఆయనకూ భయమేనని అప్పుడు తెలిసి నాకు ఇంకా భయమేసింది. అయినా ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నాయనమ్మ కళ్లు తుడుచుకుని, వదిలేసిన చోటికి తిరిగి వెళ్లింది. ఈసారి తొందరపడలేదు. కుంటి బర్రె వచ్చింది, దాని దూడ వచ్చింది. చర్చి పక్కవాళ్లు, వాళ్ల కోడలి కాన్పు. అన్ని ఇళ్లూ అయ్యాక ఎప్పటిలాగే చివర చిన్నాయన దగ్గరికి వచ్చింది. ఆ భాగమే అన్నిటికన్నా పొడుగు. మాకు అది కంఠతా వచ్చు. ఎప్పుడూ విననిది ఆయన ఒక్కడే.

"గీడిదాంక ఒచ్చేసరికి వాడు రోజు ఉండడు తండ్రీ. ఇయ్యాల ఉన్నడు. అబద్ధాలు ఆడుతడు గని మనసు మంచిది. పోయిన తొవ్వల మల్ల ఇంటికి తోలుకరా. వాని చేతులు కాలకుంట చూడు."

చిన్నాయన మాకు వీపు తిప్పి ఇంజన్ మీదికి వంగి నిలబడ్డాడు. ఆమెన్ అన్నాక మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

తర్వాత గుడ్డ వేసి మూతను కొద్దికొద్దిగా తిప్పాడు. అప్పటికీ అది బుసకొట్టింది, వేడి నీళ్లు గుడ్డను తడిపి కిందికి జారాయి. ఇందాకే తీసి ఉంటే ఆయన మొహం ఏమయ్యేదో అక్కడున్న అందరికీ అర్థమైంది. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. చిన్నాయన హీటరులోకి పోయే గొట్టాన్ని ఊడదీసి, నీళ్లు ఇంజన్‌లోకి తిరిగి వచ్చే చోటికే వంచి తగిలించి, బైండింగ్ వైరుతో బిగించాడు. ఇక నీళ్లు హీటరు ముఖం చూడకుండా ఇంజన్‌లోనే తిరుగుతాయి. డబ్బాలోని నీళ్లు నింపాదిగా పోశాడు. బండి కదిలింది.

ఎల్బీ నగర్ చౌరస్తా దాటేదాకా నాయనమ్మ నా చెయ్యి వదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో తమ్ముడికి సూది వేసి, ముక్కుకు గొట్టం పెట్టారు. కబురందుకుని నాన్న బత్తాయిల వాసనతో పరుగెత్తుకొచ్చేసరికి వాడి పెదాలు ఎర్రబడ్డాయి. ఇంకాసేపటికి ఆ గొట్టం పీకేస్తానని గొంతు చించుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు విని మేమందరం నవ్వాం.

చిన్నాయన ఆ హీటరును బాగు చేయించనే లేదు. వంచి కట్టిన గొట్టంతోనే ఆ కారు తిప్పాడు, పెళ్లివాళ్లకు హీటర్ బండి అనే చెప్పాడు. ప్రార్థన విషయంలో మారిపోయాడని కూడా చెప్పను. రెండో ఇంటి పేరుకే లేచి వెళ్లిపోయేవాడు. కానీ చివరికి ఎలా తెలిసేదో, తన పేరు వచ్చే వేళకు వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు.

నా భయం నన్ను వదల్లేదు కానీ, భయంలో ఏదీ ముట్టుకోకుండా ఆగడం ఆ రోజు అబ్బింది. భయం వేసినప్పుడల్లా మొదటి ఇంటి నుంచి పేర్లు మొదలుపెడతాను. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అయినా ఎవరినీ వదలను, కుంటి బర్రెతో సహా.

పోయిన వానాకాలం చిన్నాయన దవాఖానలో పడ్డాడు. తమ్ముడు, తల నెరిసిన మనిషి, నిలకడ లేక వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను మంచం పక్కన కూర్చుని లోలోపలే పేర్లు మొదలుపెట్టాను. పెదాలు కదులుతున్నాయేమో, చిన్నాయన కళ్లు తెరిచి చూశాడు.

"అయిందా బిడ్డా?"

"ఇంక కాలే చిన్నాయనా. నీ పేరు రాలే."

ఆయన నా చెయ్యి పట్టుకుని, విందామన్నట్టు మళ్లీ కళ్లు మూసుకున్నాడు.