అమ్మ చీర ముక్క, తెల్ల ఎలుకలు

మొన్న మా మునిమనవరాలు బెంగళూరు నుంచి కుప్పం వస్తూ, తీగల గూటిలో రెండు తెల్ల ఎలుకల్ని వెంట తెచ్చి, కొత్తవి గనుక ముట్టుకోకూడదనీ, వాటంతటవే దగ్గరికి రావాలనీ నాకు పాఠం చెప్పింది. ఓసి పిచ్చిదానా, నాకా చెప్తావు! అని నవ్వానేగానీ, ఆ గూటి వాసన తగలగానే నా చిన్నతనం గుర్తొచ్చింది.

పందొమ్మిది వందల నలభైల నాటి మాట. నాన్న పోయాక అమ్మ మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువుకు చేరింది. హాస్టల్లో బిడ్డల్ని ఉంచుకోనివ్వరు గనుక నన్ను పుంగనూరులో మా అవ్వ దగ్గర వదిలింది. అమ్మ కట్టి విడిచిన నూలు చీర ముక్క ముక్కు దగ్గర పెట్టుకుంటేగానీ నాకు నిద్ర పట్టేది కాదు. రానురాను అమ్మ ముఖం చెదిరిపోయి, ఆ వాసనొక్కటే మిగిలింది.

అట్లాంటప్పుడు, అదే ఆసుపత్రిలో ల్యాబు ఊడ్చే మా మామ, నా ఏడుపు మాన్పడానికని, అక్కడ మిగిలిపోయిన తెల్ల ఎలుకల్ని రెంటిని గంపలో పెట్టుకొని బొగ్గుతో నడిచే బస్సులో వచ్చాడు (ఆ బస్సుల పొగ మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది). అవ్వ చీపురు తిరగేసింది. మామ ఆమెను బతిమాలుకొని, టీ పొడి వచ్చే చెక్కపెట్టెకు తీగ జల్లెడ కొట్టి, అడుగున చెనిక్కాయ పొట్టు పరిచి ఇల్లు కట్టాడు. అవేమో మూలన ముడుచుకొని వణికేవి, ఏం పెట్టినా ముట్టేవి కావు. ఇవి కూడా నా దగ్గరికి రావా అని నాకు ఒకటే దిగులు.

అవ్వకు ఎలుకల్ని తరమడమే తెలుసు, సాకడం తెలియదు. ఆవుల్ని సాకడం తెలుసు. కొత్తగా కొన్న ఆవు బెదరకుండా, ఇంటివాళ్లు విడిచిన గుడ్డ దాని మెడకు చుట్టి, చేత్తో సంగటి ముద్ద తినిపించేది. ఆ తంతే వీటికీ నడిపింది. "ఎలుకైతేనేమి, ఎనుమైతేనేమి, ఇంటికొచ్చిన జీవానికి ముందు మన వాసన తెలియల్ల గదమ్మా" అంటూ నా పాత పావడ అడిగింది. నేను పావడ ఇవ్వకుండా అమ్మ చీర ముక్క పరిచాను. నాకు నిద్ర పట్టించేది అదేనాయె, వాటికి మాత్రం పట్టదా! అవి అందులో దూరి హాయిగా పడుకున్నాయి. కొన్నాళ్లకు నా అరచేతిలో సంగటి తిని, భుజమెక్కి, మీసాలతో చెవిలో చక్కిలిగిలి పెట్టేవి. పక్కింటి శెట్టెమ్మ వినాయకుడి వాహనాలని బెల్లం తెచ్చి పెడుతుంటే, ఆదివారం తప్పకుండా ఏసు గుడికి పోయి ప్రార్థన చేసే మా అవ్వ, తినేది బెల్లమే గదా అని ఊరుకునేది.

క్రిస్మస్ సెలవులకు అమ్మ వచ్చింది. తెల్ల చీర, బిగించిన ముడి, ఒళ్లంతా ఫినాయిల్ వాసన. నేను గుర్తుపట్టలేక అవ్వ వెనక దాక్కున్నాను. చేతులు చాచి కూర్చున్న అమ్మ ముఖం అట్లే వాడిపోయింది. నన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వని ఆ ఎలుకలు మాత్రం నా భుజం దిగి, నేల మీద పరుగెత్తి, ఆమె ఒడెక్కి కుచ్చిళ్లలో దూరాయి. వాటి వెనకాలే నేనూ పోయాను.

పుట్టిన ల్యాబులోని ఫినాయిల్ వాసనకే పోయింటాయంటుంది మునిమనవరాలు. కావచ్చు, నేనొప్పుకోను; చీర ముక్కలో మరిగిన అమ్మ వాసనకే పోయాయి అవి. ఈ కాలంలో విడిచిన గుడ్డ విడిచినట్టే వాషింగ్ మిషన్లో పడుతుంది, ఎవరి వాసనా ఎవరి గుడ్డలోనూ నిలవదు.

గూటిలో పరచడానికి పాత గుడ్డ కావాలని ఆ పిల్ల అడిగితే, అమ్మ పోయాక నేను దాచుకున్న ఆమె చీరల పెట్టె తెరిచాను. చీరలన్నీ మడత నలగకుండా ఉన్నాయి. ఒక్కొక్కటీ ముక్కుకు ఆనించి చూశాను. అన్నిట్లో కలరా ఉండల వాసనే. పెట్టె మూసేసి, నేను కట్టి విడిచిన చీర చెంగు చించి ఇచ్చాను.