వైన్‌లో బెల్లం

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. చిటికెడు నాలుక మీద వేసుకుంటే ఏది అసలో, ఏది కల్తీయో చెప్పేస్తాను. ఈ వ్యాపారంలో ఎవణ్ణీ నమ్మకూడదు, నేను నమ్మను. మా ఆవిడ కాఫీ ఇచ్చినా ముందు వాసన చూస్తానని ఇంట్లో వేళాకోళం.

రెండువేల ఐదు ప్రాంతంలో అనుకుంటాను, విశాఖపట్నంలో ఒక హోటల్లో వంటచేసే నా స్నేహితుడు ఓ ఆలోచనతో వచ్చాడు. చిన్నప్పటినుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్ళం. సబ్బవరం రోడ్డులో బొగ్గుల మీద కాల్చిపెట్టే కొట్టు పెడతాడట. నేనూ, మరో ఇద్దరు మిత్రులూ పెట్టుబడికి చెయ్యేస్తేనే అది లేస్తుంది.

"శనోరం సాయంత్రం మా మేడమీదకి రండి బావా. తిని సూసి సెప్పండి. నీ నాలిక ఊఁ అంటే ఆళ్ళిద్దరూ ఊఁ అంటారు," అన్నాడు.

వెళ్ళాం. చువ్వలకి కోడిముక్కలు, వంజరం చేపముక్కలు గుచ్చి కాలుస్తున్నాడు. మాంసం ముట్టని నాకోసం విడిగా పనీరు, ఉల్లిపాయ. ఆ వాసనకే ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు. అప్పుడు లోపలికెళ్ళి ఫ్రిజ్‌లోంచి ఒక స్క్వాష్ సీసా తెచ్చాడు.

"దీంతో వైన్ తాగాల బావా. మాడిన అంచుకి వగరు తగలాల. తీపి తగిలిందా, రెండూ సెడతాయి."

స్క్వాష్ సీసాలో వైనేమిటి? లేబుల్ లేదు, సీలు లేదు.

"అసలు సీసా ఏది?" అన్నాను.

"అమ్మ సూత్తే గోల సేసేత్తాదని ఇందులోకి ఒంపేసేను."

వాళ్ళమ్మ భక్తిగల క్రైస్తవురాలు, ఇంట్లో మందు పేరెత్తనివ్వదు. అది నిజమే. అయినా నాకు లోపల ఎక్కడో తొలుస్తూనే ఉంది. గ్లాసులో పొయ్యగానే మొదటి గుక్క నేనే తాగాను. వగరు లేదు సరికదా, తియ్యగా ఉంది. అదీ పంచదార తీపి కాదు.

"ఓర్నాయనో! బావా, ఇందులో బెల్లముంది!"

వాడూ ఒక గుక్క తాగాడు. మొహం పాలిపోయింది. సీసా ఎత్తి లైటుకి పట్టి చూశాడు.

"మాటాడవేటి? మాకే ఇలాటిది పోత్తే రేపు కొట్టుకొచ్చినోళ్ళకి ఏటి పోత్తావు?"

"ఇప్పుడే వత్తాను బావా," అని సీసా పట్టుకుని మెట్లు దిగి పరిగెత్తాడు. ఎంతసేపు చూసినా రాలేదు. చువ్వల మీద ముక్కలు బొగ్గయిపోతుంటే మేమే నీళ్ళు చల్లి ఇళ్ళకి పోయాం. తప్పు చెయ్యనివాడు పారిపోతాడా? మిగతా ఇద్దరూ నా మాటే ఖాయం చేశారు. సోమవారానికల్లా మార్కెట్టంతా తెలిసింది. నేనే చెప్పాను, దాచడమెందుకు! వాడు రెండుసార్లు ఫోన్ చేస్తే కట్ చేశాను. కొట్టు మాట అక్కడితో ఆగిపోయింది.

రెండు నెలలు పోయాక వాళ్ళమ్మ మా షాపుకొచ్చింది. ఆవిణ్ణి అత్తా అంటాను. ఎప్పుడూ మా దగ్గరే మేలురకం బెల్లం కొంటుంది. ఎందుకని నేనేనాడూ అడగలేదు.

"వైన్‌లో బెల్లం కలిపేడని మావోణ్ణి అన్నావట," అంది.

"ఉంది కాబట్టే అన్నానత్తా."

"ఉంది బాబూ. కలిపింది నాను. మా సర్చిలో ప్రభువు బల్లప్పుడు రొట్టెతో ఇచ్చే మత్తులేని ద్రాక్షారసం ఇరవయ్యేళ్ళుగా నానే కాత్తన్నాను. మీ బెల్లమే ఏత్తాను. ఆ శనోరం ఫ్రిజ్‌లో ఒకలాటి సీసాలు రెండున్నాయి. తెలీక ఆడి సీసా పాస్టరు గారింటికి పంపించేసేను. తాగుడు మానేసి సంఘంలో కలిసినోళ్ళు ఎంతమందున్నారనీ! ఆడెళ్ళి మార్చబట్టి సరిపోయింది."

"మరి వాడు నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"సెప్తే ఊరంతా నన్నంటాదని. నాకూ మొన్ననే సెప్పేడు. కొట్టెందుకు మానుకున్నావురా అని నిలేత్తేను. బావ నాలిక తప్పు సెప్పదమ్మా, ఇంక నన్నెవరు నమ్ముతారన్నాడు."

మా షాపు బెల్లాన్నే పట్టుకుని వాణ్ణి దొంగని చేశాను. లోపలికెళ్ళి ఉన్నవాటిలో మంచి దిమ్మ తెచ్చాను. అలవాటుకొద్దీ అంచున చిన్న ముక్క తుంపి, రుచి చూడమని చెయ్యి చాచాను.

ఆవిడ తీసుకోలేదు. దిమ్మని సంచిలో పెట్టుకుంటూ అంది:

"రుసెందుకు బాబూ, నువ్విచ్చిందే గదా."