హంగామా పుట్టిన చోటు

మొయినాబాద్‌లో మా గిన్నెల దుకాణానికి ఎదురుగా అద్దాల తలుపులతో ఇంకో గిన్నెల షాపు తెరిచిన ఏడాదే నాకు తెలివి ఎక్కువైంది. కనకమామిడి వైపు సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫామ్‌హౌసులు కట్టుకుంటున్నారు. వాళ్లకు అరుపులు నచ్చవని నేనే తేల్చేసి, ‘ఒకే ధర’ అని బోర్డు రాయించాను. గిరాకీని మూడో మెట్టు దాకా దిగనిచ్చి వెనక్కి పిలవడం మా ఇంటి పద్ధతి, అది మాన్పించాను. అన్నం వండే గంజును గంటెతో మోగించి గట్టిదనం చూపించే అవ్వను, అంటే మా బాపు వాళ్లమ్మను, మూలన కూర్చోబెట్టాను.

దుకాణం భలే ప్రశాంతంగా తయారైంది. ఎంత ప్రశాంతంగా అంటే, దసరాలోపు గిరాకీ పుంజుకోకపోతే ఖాళీ చేసి జాగా కిరాయికిద్దామన్నాడు బాపు.

రోజూ చాయ్‌కి వచ్చే రిటైర్డు ఉర్దూ సారు నవ్వాడు. “నీ దుకాణంల హంగామా లేకుంటైంది, గందుకే.”

“హంగామా అంటే లొల్లే గద సార్?”

“లొల్లి జూస్తే మనిషి తప్పుకుంటడు. హంగామా ఫారసీ మాట. బజార్ల గారడీవాడు ఆడుతుంటే చుట్టూ మూగుతరు చూడు, ఆ గుంపుకే గా పేరు. చప్పుడుకు తర్వాత అంటుకున్నది.”

సారుకు మాటలు తెలుసు, వ్యాపారం తెలియదు అనుకున్నాను.

మర్నాడు కారు ఆగింది. ఫామ్‌హౌసులో గృహప్రవేశమట, మూడు వందల మందికి వండే సామాను కావాలని ఒకావిడ వచ్చింది. ధర చెప్పి, బోర్డు చూపించాను. ఆవిడ తలూపి మెట్లు దిగసాగింది. మూడో మెట్టు కూడా వచ్చింది. ఆ బోర్డు పెట్టుకుని ఏ మొహంతో పిలుస్తాను?

మూలన గంజు ఠంగుమంది.

“ఓ బిడ్డా! బేరమాడకుంట పోతవా? మేం మనుషులం గామా?”

“బోర్డుంది కదమ్మా!”

“గది నా మనవడు పెట్టిండు. వానికి అక్కల్ జర తక్కువ. నువ్వు రా!”

ఆ చప్పుడుకు పక్క ఊరు హిమాయత్‌నగర్ పోయే షేర్ ఆటో ఆగింది. అందులోంచి దిగిన ఇద్దరు ఆడవాళ్లు, కొనేది తామే అన్నట్టు ఆవిడ పక్కన చేరారు.

“ధర తగ్గియ్యమను అక్కా, ముసలమ్మ ఇస్తది!”

“నీ నోరు పాడుగాను, నువ్వెవరి దిక్కే?” అంది అవ్వ, గంజు ఇంకోసారి మోగిస్తూ.

రోడ్డు సగం మా మెట్ల ముందే ఉంది. ఆవిడ నవ్వుతూనే బేరానికి దిగింది. ఆఫీసులో ఏం చేస్తుందో గానీ, నాలుగుసార్లు మెట్లు దిగింది. నాలుగుసార్లూ నేనే పిలిచాను. చివరికి మూతలన్నీ ఊరికే రాబట్టింది. నన్ను అంత బాగా ఓడించిన గిరాకీ అంతకుముందు లేదు, ఓడిపోయి నేనంత సంబరపడిందీ లేదు.

సామాను కోసం ట్రాలీ ఆటో రెండుసార్లు తిరిగింది. చూడ్డానికి ఆగినవాళ్లు కూడా చెంబో పళ్లెమో కొనకుండా కదల్లేదు. బాపు కిరాయి మాట ఎత్తలేదు. బేగంబజార్‌కు ఫోన్ కలిపి, “సేట్, ఇంకో బండి గంజులు పంపు, పెద్దయి!” అని రోడ్డు అవతలికి వినిపించేలా అరిచాడు.