అద్దం వెనక మూడు బొట్లు

కువైట్‌లో, కబ్ద్ అనేచోట ఆ సొరంగం తవ్వింది నేను. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వి ఊరుకున్నారు. ఇప్పుడు అందులోకి దిగాలంటే టికెట్ తీసుకోవాలి, చెప్పులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకోవాలి, గైడు ముందు నడుస్తుంటే వెనకాల వరుసగా నడవాలి. ఆ శుక్రవారం నేనూ అలాగే దిగాను. నా పక్కన అక్క ఉంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. ఆమెది కోనసీమ, నాది కడప జిల్లా. ఇద్దరం ఒకే కఫీల్ కింద, అంటే వీసా ఇచ్చిన యజమాని కింద వచ్చాం. ఆమె జహ్రాలో వాళ్ల ఇంట్లో వంటా పిల్లలూ చూసేది. నేను కబ్ద్‌లో వాళ్ల తోట చూసేవాణ్ణి. తోటంటే కాసిని ఖర్జూరపు చెట్లు, మేకలు, ఒక నీళ్ల మోటారు, వారాంతాల్లో వాళ్లొచ్చి ఉండే ఇల్లు. ఇంటి కింద సర్దాబ్ అనే నేలమాళిగ ఉండేది. ఎండాకాలం అందులో ఉల్లిగడ్డలు, ఖర్జూరాలు, మేకల దాణా పెట్టేవాళ్లం.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆగస్టులో ఆ కుటుంబమంతా ఎడారి దారిన సౌదీకి పోయింది. కఫీల్ తల్లిని మాత్రం తీసుకుపోలేదు. ఆమె తుంటి ఎముక విరిగి మంచంలో ఉంది. కుదుపులకు దారిలోనే పోతుందని భయపడ్డారు. ఆమెను కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చి, సర్దాబ్‌లోకి దింపి, పక్కన అక్కను దింపి, రెండు రోజుల్లో వచ్చేస్తామన్నారు. కఫీల్ భార్యను మేము మామా అనేవాళ్లం. ఆమె కారెక్కుతూ అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు దొంగది కాదు. దొంగదని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

రెండు రోజులు ఏడు నెలలయ్యాయి.

చుట్టుపక్కల తోటల్లో సైనికులు దిగుతున్నారని తెలిశాక తవ్వడం మొదలుపెట్టాను. మాది బావులు తవ్వే ఊరు. గడ్డపార చేతిలో ఉంటే నాకు భయం తగ్గుతుంది. మేకల పాక మూలలో మొదలుపెట్టి సర్దాబ్ గోడ దాకా వంగి నడవగలిగినంత దారి చేశాను. పైన ఇసుక, కింద సున్నపురాయిలాంటి గట్టి నేల. మెత్తగా ఉన్నచోట ఖర్జూరపు మొద్దులు దన్ను పెట్టాను. తవ్విన మట్టిని పాకలోనే పరిస్తే మేకలు తొక్కి చదును చేసేవి. వంటింట్లోంచి సర్దాబ్‌లోకి దిగే మూతకు సిమెంటు పూసి, దాని మీద గ్యాస్ బండలు నిలబెట్టాను. ఆ సిమెంటు ఆరిన కొద్దిరోజులకే సైనికులు వచ్చి ఇంట్లో దిగారు. మమ్మల్ని పాకలోకి తోలేశారు.

"కువైతీలు ఎవరైనా ఉన్నారా?" అని వాళ్లు అడిగిన ప్రతిసారీ "లేరు, హిందీలం, ఇండియావాళ్లం, మేమిద్దరమే, అక్కా తమ్ముళ్లం" అనేవాళ్లం. అక్క వాళ్లకు రొట్టెలు కాల్చేది. వాళ్ల పిండిలోంచి తీసిన పిండితోనే వాళ్ల కాళ్ల కింద ఉన్న ముసలమ్మ బతికింది. ఆమెకు దగ్గు. దగ్గు పైకి వినపడకుండా అక్క మేకలన్నిటి మెడలకూ గంటలు కట్టింది. గంటలు లేనివాటికి డబ్బాల్లో గులకరాళ్లు వేసి కట్టింది. సైనికులు ఆ మోతకు మమ్మల్ని తిట్టేవాళ్లు.

ముసలమ్మ మంచిదని చెప్పను. ఆ చీకట్లో కూడా కూరలో ఉప్పు తక్కువైందని గిన్నె తోసేసేది. అక్కను "యా బింత్" అని, అంటే ఓ పిల్లా అని, నన్ను "యా ఫార్" అని పిలిచేది. ఫార్ అంటే ఎలుక. నేను బొక్కలోంచి తల బయటపెట్టగానే, "వచ్చాడు నా ఎలుక, ఏం తెచ్చాడో చూడు" అనేది. మేము ఆమెను యుమ్మా అనేవాళ్లం, అమ్మా అని.

సొరంగం సర్దాబ్‌లోకి తెరుచుకునేచోట రెండు మొద్దులు నిలబెట్టి, పైన ఒకటి అడ్డం వేశాను. మొదటి శుక్రవారం అక్క చేతిలో డబ్బాతో వచ్చింది. గేటుకు తుప్పు పట్టకుండా పూసే ఎర్ర రంగు అది.

"ఏందక్కా ఇది?"

"కుంకం ఎక్కడ దొరుకుద్దిరా ఇప్పుడు? ఇదే కుంకం."

"దేనికి పెడతావు? ఇది గడపా? ఎలుక బొక్క."

"నీకు బొక్కేమో. నాకు ఇల్లు. ఇల్లన్నాక గడపకి బొట్టెట్టకుండా ఉంటారేంట్రా? మీ కడపోళ్లకి పద్దతులు లేవేంటి?"

"ఉండాయి గానీ, పైన తుపాకులు పట్టుకొని ఉన్నోళ్లకు తెలీదు మన పద్ధతి."

ఆమె వేలు ముంచి అడ్డమొద్దు మీద రెండు బొట్లు పెట్టింది. మంచంలోంచి ముసలమ్మ అదేమిటని అడిగింది. తలుపుకు పెడితే చెడు లోపలికి రాదని అక్క తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది. ముసలమ్మ నమాజు మానని మనిషి, తిడుతుందనుకున్నాను. కాసేపు చూసి, "మనం ముగ్గురం కదా, ఇంకోటి పెట్టు" అంది. అక్క మూడోది పెట్టింది. ఆ తరువాత ప్రతి శుక్రవారం వాటి మీదే మళ్లీ పూసేది. అందుకే అవి అంత మందంగా, అట్టకట్టి ఉంటాయి.

పక్క తోటల్లోని మనవాళ్లంతా బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ పోయి, అక్కణ్ణుంచి విమానాల్లో ఇంటికి పోయారు. పోయేముందు మమ్మల్నీ పిలిచారు. "ముసిల్దాన్ని ఎవరికొదిలేసి ఎల్తాం?" అంది అక్క. నేనూ ఆగిపోయాను.

యుద్ధం అయిపోయాక, నూనె బావుల పొగకు మధ్యాహ్నం కూడా లైట్లు వేసుకుని తిరిగే రోజుల్లో వాళ్లు వచ్చారు. కఫీల్ తన తల్లి పాదాలు ముద్దుపెట్టుకున్నాడు. ఆ మొదటి ఏడాది, ఇంటికొచ్చిన చుట్టాలకు, "మా పనివాళ్లు దాచారు" అని మామా మమ్మల్ని పిలిచి చూపించేది. ముసలమ్మ పోయాక అది "మావాళ్లు దాచారు" అయింది. మరికొన్నేళ్లకు "ఆమె దాక్కుంది" అయింది. కథలో మనుషులు తగ్గుతూ వచ్చారు. నేను అప్పటికే వేరే కఫీల్ దగ్గర డ్రైవర్‌గా చేరాను. అక్క మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

నా చదువు ఐదో తరగతి. మిగిలిందంతా లైబ్రరీ చదువే. కొత్త కఫీల్‌ను మిర్కాబ్‌లో ఆఫీసుకు దింపితే మళ్లీ పిలిచేదాకా నాకు పనుండదు. తోటి డ్రైవర్లు కార్లలో నిద్రపోయేవాళ్లు. నేను దగ్గర్లోని లైబ్రరీలో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. గర్వంగానే చెబుతున్నాను, అక్కడ ఆ యుద్ధం మీద ఇంగ్లీషులో ఉన్న పుస్తకం ఏదీ నేను వదల్లేదు. ట్యాంకులున్నాయి, రాజులున్నారు, మండే బావులున్నాయి. మనవాళ్ల గురించి కూడా ఉంది, విమానాలెక్కి వెళ్లిపోయారని. ఉండిపోయినవాళ్ల కోసం వెతికాను. ఒక్క వాక్యం దొరికితే చాలనుకున్నాను. దొరకలేదు.

అక్క పెంచిన పిల్లవాడు, ఆ పాత కఫీల్ కొడుకు, సౌదీకి పోయినప్పుడు నాలుగేళ్లవాడు. పెద్దయ్యాక మూతపడి ఉన్న తోటను బాగుచేయించి, సొరంగంలో దీపాలు పెట్టించి, శుక్రవారాల్లో తనే గైడుగా జనాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. అదే సమయంలో అతనికి కొడుకు పుట్టాడు. అక్క పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించుకుని, ఇక తిరిగిరాకుండా ఊరికి పోదామనుకుంటోంది. మోకాళ్లు అరిగిపోయాయి. అతను వచ్చి, "నన్ను పెంచావు, వీణ్ణీ పెంచి వెళ్లు" అని బతిమాలాడు. తోట చూసొచ్చి చెబుతానంది అక్క. మామా ఆశ్చర్యపోయిందట. "నీకక్కడేం పని? చిన్నపిల్లలు చూసేది అది."

నా కారులో కబ్ద్‌కు పోతూ అక్క అసలు సంగతి చెప్పింది.

"ఆడు అక్కడ నా మాటెత్తాడనుకో, ఉండిపోతా. ఆడి పిల్లాడికి కూడా నడక నేర్పే పోతా. ఒక్క మాట చాలు. ఎత్తలేదా, ఖలాస్."

"వానికి తెలుసా అక్కా అసలు?"

"చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పానో. గంటల కత చెప్పమని ఏడ్చేవోడు. తెలీకపోడం ఏంట్రా?"

కొత్త చీర కట్టుకుంది. కారు అద్దంలో బొట్టు సరిచూసుకుంది.

మమ్మల్ని చూడగానే అతను జనం మధ్యలోంచి వచ్చి అక్క తల మీద ముద్దుపెట్టుకున్నాడు. పెద్దవాళ్లకు ఇక్కడిచ్చే గౌరవం అది. అక్క మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు కళ్లెగరేసింది. తరువాత అతను ముందుకు పోయి ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లలో టీచర్లు, తెల్లవాళ్లు, ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లు కొందరు ఉన్నారు. అక్కకు అరబ్బీ వచ్చు, ఇంగ్లీషు రాదు. నా చెయ్యి పట్టుకుని, "చెప్తా ఉండు" అంది.

"మా నాయనమ్మ ఈ నేలను వదలనంది," అన్నాడతను. "కుటుంబం ఎంత బతిమాలినా కదల్లేదు. సైనికుల కాళ్ల కింద, ఈ చీకట్లో, ఏడు నెలలు ఒంటరిగా ఉంది. ఈ సొరంగాన్ని మన పోరాట యువకులు రాత్రిళ్లు తవ్వి ఆమెకు దారి చేశారు."

నేను నా మొద్దుల మీద చెయ్యి వేసి నిలబడ్డాను. వాటికి వార్నిష్ పూశారు.

"ఏవంటన్నాడ్రా?" అంది అక్క.

"ఇంకా మొదట్లో ఉన్నాడు" అన్నాను. తరువాతి వాక్యంలోనైనా ఆమె వస్తుందేమోనని చూస్తున్నాను. వంగి నడిచి సర్దాబ్ మూతి దగ్గరికి వచ్చాం. అక్కడ అడ్డమొద్దుకు అద్దం బిగించారు. లోపల చిన్న దీపం. దీపం కింద మూడు ఎర్రటి మచ్చలు.

"ఇది ఆమె రక్తం," అన్నాడతను మెల్లగా. "చీకట్లో గోడలు తడుముకుంటూ నడిచి నడిచి వేళ్లు చిట్లిపోయేవి. ఈ మూడు ఆమె వేళ్ల గుర్తులు."

తుంటి విరిగిన మనిషి నడిచిందట. ఒక టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. ఎవరో సెల్లు ఎత్తి ఫోటో తీసుకున్నారు. నేను ఆగలేక చెయ్యెత్తాను.

"సార్, ఆమెకు అన్నం, నీళ్లు ఎవరు తెచ్చేవాళ్లు? పనివాళ్లెవరూ లేరా?"

"మంచి ప్రశ్న," అన్నాడతను. నా ఇంగ్లీషు బాగుందని కూడా మెచ్చుకున్నాడు. "పనివాళ్లంతా అప్పటికే అమ్మాన్ మీదుగా మీ దేశానికి వెళ్లిపోయారు. ఆ విమానాల సంగతి మీరు చదివే ఉంటారు."

చదివాను. అతను చదివిన పుస్తకాలే నేనూ చదివాను. వాటిలో ఉన్నదే చెబుతున్నాడు. ఆ పుస్తకాల మీద నాకున్న గౌరవమంతా అక్కడే కూలింది.

అక్క నా మోచెయ్యి గిల్లింది. "నువ్వేదో అడిగావు, ఆడేదో అన్నాడు. నా మాట వచ్చిందా లేదా?"

మెత్తగా ఒక అబద్ధం చెబితే ఆమె ఆ ఇంట్లోనే మరో పిల్లవాణ్ణి ఎత్తుకుని మోకాళ్లు ఈడ్చుకుంటూ ఉండిపోయేది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఒంటరిగా అన్నాడని, యువకులు తవ్వారన్నాడని, మనం విమానమెక్కామన్నాడని, ఆ బొట్లు రక్తమన్నాడని.

ఆమె అద్దం దగ్గరికి పోయింది. మూతికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"గేటు రంగుకి అద్దం కట్టించాడ్రా తమ్ముడూ," అంది. "బొట్టెట్టినదాన్ని విమానం ఎక్కించేశాడు."

జనం ముందుకు కదిలాక ఆమె అతని దగ్గరికి వెళ్లి అరబ్బీలో అడిగింది. "బాబా, మరి నేనెక్కడున్నాను?"

అతను తడబడలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు మాతో సౌదీలో ఉన్నావు కదా. మామా చెప్పింది. గంటలు కట్టిన మేకల కథ చెప్పి నన్ను నిద్రపుచ్చేదానివి. ఎంత మంచి కథ అది!"

అక్క అతని మొహంలోకి చూసింది. వెతికితే అక్కడ మోసం లేదు. అదే నాకు ఎక్కువ మండింది. మోసమైతే తిట్టి పోవచ్చు.

"అయితే ఉంటావుగా?" అన్నాడు అతను. "నా భార్య ఎదురుచూస్తోంది."

"లా, ఉండను బాబా," అంది అక్క. "ఖలాస్. నేను పోతాను."

అతను నొచ్చుకున్నాడు. తరువాత అక్కను అద్దం పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుంటానన్నాడు, 'మా ఇంటి పాత మనిషి' అని పెట్టుకోవడానికి. అక్క నిలబడలేదు. పైకొచ్చి, కాళ్లకున్న ప్లాస్టిక్ తొడుగులు విప్పి, మేకల పాక ఉన్నచోట పెట్టిన చెత్తడబ్బాలో పడేసింది. కారులో జహ్రాకు బయలుదేరాం. ఇల్లు కనిపించాక, "ముసిల్ది ఉంటే దుడ్డుకర్ర పుచ్చుకునేది" అంది, అంతే.

నెల తిరక్కుండా ఆమె వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టులో దింపింది నేనే. ఆ ఇంటివాళ్లెవరూ రాలేదు. ఇన్నేళ్లు అన్నం పెడితే పసివాడి మొహం చూసి కూడా ఆగలేదని చుట్టాలందరికీ చెప్పుకున్నారని తరువాత తెలిసింది.

అక్క వెళ్లిన మరుసటి రోజు మామా నాకు ఫోన్ చేసింది. గొంతు ముసలిదైపోయింది, అయినా ఆ పాత దర్పం పోలేదు.

"ఆ రోజు తోటలో దానికి ఏం చెప్పావు నువ్వు?"

"నేనేమీ చెప్పలేదు మామా," అన్నాను. "మీ అబ్బాయి ఇంగ్లీషులో చెప్పింది తెలుగులో చెప్పాను."