చిన్నాయన మోకు

నిన్న పొద్దున హాల్లో ఫ్యాన్ రెక్కలు తుడుద్దామని ప్లాస్టిక్ స్టూలు ఎక్కాను. స్టూలు ఎత్తు అడుగున్నర. అక్కడి నుంచి మా జనగామ మొత్తం, దాని అవతల సముద్రం కూడా కనిపించినట్టయింది, కళ్లు తిరిగి. కింద స్టూలు పట్టుకున్న మా ఆవిడను రెక్కకు పదిసార్లు చొప్పున "పట్టుకున్నవా?" అని అడిగాను. రెండో రెక్క దగ్గర ఆమె చేతులు రెండూ వదిలేసి నడుం మీద పెట్టుకుంది. "ఇరవై రెండేండ్ల సంది పట్టుకునే ఉన్న. ఇంకెన్నిసార్లు అడుగుతవ్?" అంది. తాటిచెట్లెక్కే ఇంట్లో పుట్టి స్టూలుకు భయపడే మగవాడు భూమ్మీద నేనొక్కణ్నే అయ్యుంటాను. తువ్వాలతో చెమట తుడుచుకుంటుంటే మా చిన్నాయన గుర్తొచ్చాడు. ఆయనా ఇలాగే రోజూ ఒక మాట అడిగేవాడు, కాకపోతే ఒకే ఒక్కసారి అడిగేవాడు.

చిన్నాయనది పెద్దవంగర దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుగా కల్లు గీస్తున్నాడు. ఆయన తాటిచెట్టు ఎక్కుతుంటే ఉడుతలు పక్కకు జరిగి దారిచ్చేవి. పైకి చేరగానే "ఖమ్మం కనబడ్తుందిరో!" అని అరిచేవాడు. ఒక్కోసారి, కల్లు బాగా పారిన రోజుల్లో, మద్రాసు కూడా కనిపించేది. ఆయనకూ పాతాళానికీ మధ్య ఉన్నదల్లా మోకు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడది. పైపైన గుంజి చూస్తే దాని లోపలి జబ్బు తెలియదు. అందుకే ప్రతి సాయంత్రం దానికి నూనె రాసి, జానెడు జానెడు వేళ్ల మధ్య తిప్పుతూ ఎక్కడైనా పోగు లేచిందా అని చూడాలి. ఆ పని ఆయన కొడుకుది, అంటే మా తమ్ముడిది. పొద్దున్నే మోకు భుజాన వేసుకుంటూ చిన్నాయన "చూసినవా?" అనేవాడు. వాడు "చూసిన" అనేవాడు. ఇద్దరి మధ్యా రోజంతటికీ జరిగే సంభాషణ దాదాపు అంతే.

తమ్ముడికి అప్పటికి ఇరవై ఏళ్లు. ఇంటర్ తప్పాడు, ఆ తర్వాత ఇంట్లో మాట్లాడటం కూడా తప్పాడు. వాడి దోస్తులు ఆరుగురు ఒక్క బండి మీద తిరిగేవాళ్లు. ఏడో వాడికి కారుండేది. ఒక సాయంత్రం ఆ కారు దమ్ము చేసిన మడిలో దిగబడింది. దాన్ని ట్రాక్టరుకు కట్టి గుంజడానికి తాడు కావలసి వచ్చింది. మావాడు ఇంటికి పరిగెత్తి కొయ్యకున్న మోకు తెచ్చాడు. కారు బయటపడింది. మోకు కడిగి మళ్లీ కొయ్యకే తగిలించాడు. తెల్లారి చిన్నాయన "చూసినవా?" అన్నాడు. దుప్పట్లోంచే "చూసిన" అన్నాడు వీడు.

సగం చెట్టు మీద మోకు తెగింది. కింద తాటిమట్టల కుప్ప ఉండబట్టి మనిషి దక్కాడు, తొడ ఎముక విరిగింది. "ఎలుక కొరికిందేమో" అన్నాడు తమ్ముడు. మేమందరం నమ్మాం. నేనైతే ఆ ఎలుకను కుక్కంత చేసి జనగామంతా చెప్పాను.

మహబూబాబాద్ దవాఖానలో నాలుగో రోజు కారు కుర్రాడి తల్లి పరామర్శకొచ్చింది. పాపం, మంచిదే. "ఆ మోకుతోటే గద అన్నా మొన్న మావోని కారు గుంజిండ్రు, ఎంత పని చేసింది" అని కళ్లొత్తుకుంది. చిన్నాయన కొడుకు వైపు చూశాడు. తమ్ముడు చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా మంచం పక్కన పెట్టి, చెప్పులు కూడా తొడుక్కోకుండా వెళ్లిపోయాడు.

ఏడాదిన్నర వాడు రాలేదు. భూపాలపల్లి దగ్గరి చెల్పూర్‌లో ఓ లారీల షెడ్డులో పనికి కుదిరాడని చిన్నమ్మ ద్వారా తెలిసింది. చిన్నాయన కుంటుతూ లేచి తిరిగాడు గానీ కొడుకు పేరు ఎత్తలేదు. మొన్న వానాకాలం పోయాక ఒకరోజు నాకు ఫోన్ చేశాడు. "మోకు కొత్తది తెచ్చిన. నూనె రాసెటోడు లేడు. వానికి చెప్పు" అని పెట్టేశాడు.

భూపాలపల్లి బస్సులో నా మోకాళ్లు నా గడ్డానికి తాకాయి. షెడ్డులో తమ్ముడు లారీ కిందినుంచి బయటికొచ్చాడు. ముఖం మీద నల్లగా లేని చోటు కళ్లే. చిన్నాయన మాట చెప్పాను.

"నన్ను తిట్టలేదా?"

"లేదు."

"తిడితె వచ్చెటోన్ని అన్నా. గిట్లంటె ఏ మొకం పెట్టుకొని రావాలె?"

"ఉన్న మొకమే పెట్టుకో. కడుక్కోని పెట్టుకో" అన్నాను. నవ్వలేదు గానీ కడుక్కున్నాడు.

ఆ సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి కొత్త మోకు కొయ్యకు వేలాడుతోంది. తండ్రీకొడుకులు పలకరించుకోలేదు. తమ్ముడు నూనె గిన్నె తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. తెల్లారి చిన్నాయన అదే చెట్టు దగ్గరికి నడిచాడు. "డాక్టర్ ఎక్కద్దన్నడు, నీకేమన్న పిచ్చా?" అంటూ చిన్నమ్మ వెంటపడి వచ్చింది. చెట్టు దాకా వచ్చి అటు తిరిగి నిలబడింది. నేను ముందే కూర్చున్నాను, కళ్లు తిరిగితే పడడానికి దూరం తక్కువుంటుందని.

"చూసినవా?" అన్నాడు చిన్నాయన.

"చూసిన" అన్నాడు తమ్ముడు.

చిన్నాయన మోకు చుట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. విరిగిన కాలు ప్రతిసారీ ఒక క్షణం ఆలోచించి లేస్తోంది. మనిషెత్తు దాటాడు. ఇద్దరు మనుషుల ఎత్తు దాటాడు. తమ్ముడు చెట్టు మొదట్లోకి ఉరికాడు.

"ఆగు బాపూ! దిగు!"

ఆ కేకకు చుట్టూ ఉన్న పిట్టలన్నీ, పక్క ఊరివి కూడా, లేచిపోయాయి. చిన్నాయన మెల్లగా దిగాడు.

"చూసిన అన్న గని, మొత్తం చూడలే బాపూ. చేతులు ఒణికినయ్. సగమే చూసిన."

చెంప పగులుతుందని నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు రాలేదు. తెరిచి చూస్తే చిన్నాయన మోకు విప్పి కొడుకు భుజాన వేస్తున్నాడు.

"సగం చూసినోడు సగం ఎక్కకముందే పిలిచిండు. మంచిదే. కూసొని మిగిలింది చూడు, నేను బీడి తాగుత."

తమ్ముడు ఎండకు ఎదురుగా కూర్చుని మొదటి నుంచి మొదలుపెట్టాడు. కన్నీళ్లు అడ్డొచ్చినప్పుడల్లా మోచేత్తో తుడుచుకుని, ఆ జానెడు మళ్లీ చూశాడు. ఒక బీడీ అయిపోయింది. రెండోదీ అయిపోయింది. మోకుకు ఏ జబ్బూ లేదు, కొత్త పెళ్లికొడుకులా ఉంది.

"చూసిన బాపూ" అన్నాడు, తండ్రి అడగకముందే.

చిన్నాయన ఎక్కాడు. ఈసారి తమ్ముడు పైకి చూస్తూ, చిన్నమ్మ ఇటు తిరిగి నిలబడ్డారు. చాలాసేపటికి ఆకుల్లోంచి గొంతు వచ్చింది: "అరేయ్! ఖమ్మం కనబడ్తుందిరో!"

కనబడే ఉంటుంది. ఆ "చూసిన" అన్న మాట దుప్పట్లోంచి రావడానికి అరక్షణం చాలింది. ఎండలో కూర్చుని అనడానికి ఏడాదిన్నర, ఆపైన రెండు బీడీల కాలం పట్టింది.